చప్పుడు లేని బండి, చెడిపోయిన చదువు

మా ఏటివొంపు మండలంలో చదువులు చెడిపోవడానికి ఎలక్ట్రిక్ బైకే కారణమని జిల్లా విచారణ సంఘం తేల్చింది. సంఘం వారు పులిహోర, గారెలతో భోజనం చేసి, ముంచుకొస్తున్న నిద్రని ఆపుకుంటూ మరీ తేల్చారు కాబట్టి అందులో తప్పుండే అవకాశం లేదు. నా పేరు పానకాలరావు. మండల విద్యాధికారి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఆ బైకు కొన్నప్పుడు పక్కనున్నాను, దాని వెనక సీటు మీద ఫైళ్ళు పట్టుకుని మండలమంతా తిరిగాను, విచారణలో సాక్ష్యం కూడా చెప్పాను. ఈ విషయం మీద నాకంటే అధికారంగా మాట్లాడాలంటే ఇక ఆ బైకే నోరు విప్పాలి.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. మా విద్యాధికారి త్రివిక్రమరావు గారికి పాత మోటారు సైకిల్ ఉండేది. దాని సైలెన్సరు ఎప్పుడో చిల్లులు పడింది. అది ఏటి మలుపు తిరిగిందంటే పెదపాడు బడిలో నాయకుల పటాలు గోడల మీద అదిరేవి. ఉత్తర్వుల ప్రకారం మావన్నీ ఆకస్మిక తనిఖీలు. ఆ ఆకస్మికానికి ఏ లోటూ రాకుండా, బండి చప్పుడు వినపడ్డప్పటి నుంచి ఆయన గేటు దాటేలోపు బడి తనని తాను సర్దుకునేది. చీట్లపాట రాసుకుంటున్న మేష్టారు సుద్దముక్క అందుకునేవారు. నిద్రపోతున్నవారు నిలబడేవారు. పిల్లలు వరసకట్టి గుడ్మార్నింగ్ సార్ అని రాగం తీసేవారు. కొబ్బరిబోండాం వచ్చేది. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "సంతృప్తికరం" అని రాసేవారు. ఇలా ఏళ్ళ తరబడి మా మండలం సంతృప్తిగా ఉంది.

ఒక్క మామిళ్ళగుంట బడితోనే పేచీ. అది ఒకే టీచరున్న బడి. రాళ్ళ క్వారీలో పనిచేసేవాళ్ళ పిల్లలు ఇరవై మందికి పైచిలుకు చదువుకుంటారు. టీచరు ఎస్తేరురాణి గారు. ఆవిడకి చప్పుడు వినపడేది కానీ ఆవిడ బయటికొచ్చేది కాదు. "లెక్క సగంలో ఉంది సార్, ఇప్పుడొదిలేస్తే మళ్ళీ మొదట్నించీ చెప్పుకోవాలి, కూర్చోండి" అనేది. ఉన్న కుర్చీ ఒక్కటే, దాని మీద సుద్దల డబ్బా. వరస లేదు, రాగం లేదు, బోండాం అసలే లేదు. దాంతో ఆ బడికి వరసగా రెండేళ్ళు "అసంతృప్తికరం" పడింది. మూడోసారీ అదే పడితే బడి ఎత్తేసి పిల్లల్ని పెదపాడు బడిలో కలపాలని నిబంధన.

పెదపాడు నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా క్వారీ టిప్పర్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. ఆ దారమ్మట చిన్నపిల్లల్ని ఏ తల్లీ పంపదు. క్వారీ మాత్రం ఇంటి పక్కనే ఉంది, అందులోకి వెళ్ళడానికి రోడ్డు దాటక్కర్లేదు. ఈ సంగతి మా ఆఫీసులో అందరికీ తెలుసు. తెలియడం వేరు, నిబంధన వేరు.

ఇలా ఉండగా కాలుష్య రహిత పరిపాలనా పక్షోత్సవాలు వచ్చాయి. అధికారులందరూ పొగ బళ్ళు అప్పగించి ఎలక్ట్రిక్ బళ్ళు కొనుక్కోవాలని ఉత్తర్వు. నేనూ త్రివిక్రమరావు గారూ టౌనులో షోరూముకి వెళ్ళాం. అక్కడి సేల్స్ మేనేజరు మూడు బళ్ళు చూపించి, ఒకసారి ఛార్జింగ్ పెడితే నూరు కిలోమీటర్లు గ్యారంటీ అన్నాడు.

"ఎక్కడ?" అన్నారు త్రివిక్రమరావు గారు.

"కంపెనీ టెస్టులో సార్."

"మా మండలంలో?"

"మీ బరువెంత సార్?"

ఆయన దాన్ని వ్యక్తిగత విమర్శగా తీసుకున్నారు. మేనేజరు చూపు నా మీదికి తిరిగింది. "వెనక ఈయన కూడా కూర్చుంటారా? అయితే డెబ్బై అనుకోండి. ఎత్తుపల్లాలుంటే యాభై అనుకోండి. ఎదురుగాలి కొడితే ఇంక మీ అదృష్టం సార్."

"అవన్నీ తర్వాత. డిక్కీలో ఏం పడుతుంది?"

"హెల్మెట్ పడుతుంది సార్."

"హెల్మెట్ నెత్తినుంటుంది కదయ్యా. నాలుగు సొరకాయలు పడతాయా?"

తనిఖీకి వెళ్ళినచోట ఉపాధ్యాయులు ప్రేమగా ఇచ్చే వాటి గురించి ఆయన అడుగుతున్నారని మేనేజరుకి తెలియదు. అయినా తెలివైనవాడు, ఎదురుగా ఉన్న కూరగాయల కొట్టు నుంచి సొరకాయలు తెప్పించి మూడు డిక్కీల్లోనూ పెట్టి చూపించాడు. నాలుగూ పట్టింది నీలం బండిలోనే. జిల్లా నుంచి వచ్చిన దరఖాస్తు నమూనాలో ఇంజను ఎన్ని సీసీలు, లీటరుకి ఎంత మైలేజీ, సైలెన్సరు ఏ స్థితిలో ఉంది అనే ప్రశ్నలున్నాయి. ఇంజను లేదు, లీటరు లేదు, సైలెన్సరు లేదు అని నేను నిజాయితీగా రాస్తే, "ముఖ్యభాగాలు లేని వాహనాన్ని ఎందుకు ఎంపిక చేశారు" అని సంజాయిషీ అడిగారు. "ప్రజోపయోగ నిల్వ సామర్థ్యం దృష్ట్యా" అని బదులిచ్చాను. వెంటనే మంజూరైంది.

పూజ రోజున చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పూజారి గారు హారతిచ్చి, "ఇక స్టార్టు చెయ్యండి" అన్నారు. "చేసే ఉందండీ" అన్నాను. ఎవరూ నమ్మలేదు. త్రివిక్రమరావు గారు పిడి తిప్పగానే నిమ్మకాయలు చితికాయి, బండి పోయింది. చప్పుడు మాత్రం లేదు. చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఎప్పుడు కొట్టాలో తెలియక చేతులు దించుకున్నారు. ఆయన గుండ్రంగా తిరిగొచ్చి నా దగ్గర ఆగారు. ముఖంలో సంతోషం లేదు. "ఇదేందయ్యా, దొంగలాగా పోతోంది" అన్నారు.

మర్నాడు పెదపాడు బడికి వెళ్ళాం. గేటు దాటాం, వరండా ఎక్కాం. ఎవరూ లేవలేదు. ప్రధానోపాధ్యాయుడు వీరరాఘవులు గారు, ఆయనే ఉపాధ్యాయ సంఘం నాయకుడు కూడా, రెండు బెంచీలు జతచేసుకుని మొహాన పేపరు కప్పుకుని ఉన్నారు. ఒక మేష్టారు ఊరివాళ్ళిద్దరికి బీమా పాలసీ వివరిస్తున్నారు. మరొక టీచరమ్మ కందికాయలు ఒలుస్తోంది. ఎనిమిదో తరగతి పిల్ల మూడో తరగతికి పాఠం చెబుతోంది, చాలా వరకు సరిగ్గానే.

త్రివిక్రమరావు గారు నా చెవి దగ్గరికొచ్చారు. "పానకాలూ, ఇవాళేమన్నా సెలవా?"

"లేదండీ."

"మనం వచ్చింది బడికేనా?"

"బయట బోర్డు మీద అట్టాగే ఉందండీ."

వీరరాఘవులు గారికి మెలకువ వచ్చింది. ఆయన తడబడలేదు, నొచ్చుకున్నారు. "ఇదేం పద్ధతి సార్? చప్పుడు చెయ్యకుండా వస్తే ఎట్టా? మనుషులు బతకొద్దా?" అన్నారు.

మిగతా బళ్ళలోనూ ఇదే కథ. ఒకచోట పిల్లలే లేరు, ఒకచోట మేష్టార్లే లేరు, ఒకచోట ఇద్దరూ లేకపోతే తాళం ఉంది. సాయంత్రం నాలుగవుతుండగా మామిళ్ళగుంట చేరాం. తలుపు తీసే ఉంది. ఎస్తేరురాణి గారు మాకు వీపు పెట్టి బోర్డు మీద రాస్తోంది. ఒక టిప్పరు రాయి ఆరుగురు కొడితే ఒక్కొక్కరి వంతుకి ఎంత, అందులో ఇద్దరు రాకపోతే ఎంత అని లెక్క. మా అధికారి గారు గుమ్మంలోనే నిలబడిపోయారు. ముందు వరసలో సువార్త అని మూడో తరగతి పిల్ల వెనక్కి తిరిగి, "సారూ, కాస్త పక్కకి జరుగు. వెలుగు రావట్లా, బోర్డు కనపడట్లా" అంది. మండల విద్యాధికారి పక్కకి జరిగి, చెప్పులు విడిచి, గోడవార కింద కూర్చున్నారు. లెక్క అయ్యేదాకా లేవలేదు.

తిరుగు దారిలో ఏటి మలుపు దగ్గర బండి ఆపారు. తర్వాత అన్నారు, "ఇన్నేళ్ళ ఉద్యోగంలో పాఠం మధ్యలోకి వెళ్ళడం ఇదే మొదలు పానకాలూ. ఎంత బాగా చెబుతుందయ్యా ఆవిడ." ఆయన గొంతు అలా వినడం నాకూ అదే మొదలు. నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మీద ఆ రోజు గౌరవం పుట్టింది. ఆ నెల ఆయన కళ్ళారా చూసిందే రాశారు. అక్కడే కొంప మునిగింది.

జిల్లాలో గగ్గోలు పుట్టింది. ఒక్క నెలలో మండలం మొత్తం సంతృప్తికరం నుంచి అసంతృప్తికరంలోకి జారిపోయింది. జిల్లా ఉప విద్యాధికారి మార్కండేయులు గారి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. ఆయన మామూలుగా అన్నంలోకి ఉప్పు అందించమన్నా గ్రాంథికంలోనే అంటారు.

"గమనించుడు," అన్నారు భోజనానంతరం. "ఉపాధ్యాయులు మారలేదు. విద్యార్థులు మారలేదు. పాఠ్యపుస్తకములు సైతము మారలేదు. గత మాసమున మారినది ఏది? వాహనము. కావున విద్యాప్రమాణముల పతనమునకు హేతువు వాహనమే."

"బండి ఏం చేసింది సార్? నేను కళ్ళతో చూశాను," అన్నారు త్రివిక్రమరావు గారు.

"మేమును అదియే నుడువుచున్నాము. ఆ బండి లేనిచో మీరు చూచియుండెడివారు కారు."

వీరరాఘవులు గారు లేచి ఉపాధ్యాయుల తరఫున వాదించారు. "చెప్పా పెట్టకుండా రావడానికి మేమేమన్నా గుమ్మడికాయ దొంగలమా? అధికారి వస్తున్నాడని ముందుగా వినడం ఉపాధ్యాయుడి హక్కు. ఆ హక్కుని బ్యాటరీ కాజేసింది." సంఘం వారు తలలూపారు.

త్రివిక్రమరావు గారు ఇంకోసారి ప్రయత్నించారు. "మరి మామిళ్ళగుంట బడి బండొచ్చాక బాగుందని తేలింది కదా సార్?"

మార్కండేయులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాఠశాలలన్నియు ఒక దిక్కునకు పోవుచుండ, ఒక్కటి మాత్రము ఎదురుదిక్కునకు పోయినచో, లోపము ఎందున్నదో వేరుగ చెప్పవలెనా? అయినను నిశ్శబ్దముగా జరిగిన తనిఖీలన్నియు చెల్లవు గనుక అదియును చెల్లదు."

అలా ఆ బడికి వచ్చిన ఒక్క మంచి మాటా కొట్టివేతలో పోయింది. పాత రెండు అసంతృప్తులు మాత్రం చప్పుడుతో వచ్చినవి కాబట్టి చెల్లుబాటయ్యాయి.

సంఘం సిఫార్సు ఏమిటంటే బండికి "ధ్వని ప్రసారిణి" అమర్చాలి. అంటే ఒక పెట్టె, దానికో మైకు. అందులోంచి పాత మోటారు సైకిల్ చప్పుడు రావాలి. తుక్కు కింద పడేసిన పాత బండిని లేపి, మెకానిక్ చేత స్టార్టు చేయించి రికార్డు చేశాం. కిక్కు వెనక్కి తన్నినప్పుడు మెకానిక్ "దీని దుంప తెగ" అన్నాడు. అదీ రికార్డులో పడింది. తీసేయడానికి ప్రత్యేక మంజూరు కావాలన్నారు. దాంతో మా బండి డబడబమని కాసేపు మోగి, మధ్యమధ్యలో దీని దుంప తెగ అంటూ మండలంలో తిరగసాగింది. ఉపాధ్యాయులు ఆ మాట వినగానే సుద్దముక్కలు అందుకునేవారు. ప్రమాణాలు తిరిగి లేచాయి.

త్రివిక్రమరావు గారికి మెమో ఇచ్చారు. రిటైర్మెంటు ఏడాదిలో ఉంది, ఇంకో మెమో పడితే పింఛను గోవింద. ఆయన నన్ను పిలిచి, నా మొహం చూడకుండా చెప్పారు. "మామిళ్ళగుంటకి మూడో తనిఖీ చెయ్యాలి. నువ్వెళ్ళి ఆ టీచరుకి చెప్పయ్యా. చప్పుడు వినపడగానే లెక్కలాపి పిల్లల్ని నిలబెట్టమను. ఒక్కసారి గుడ్మార్నింగ్ చెప్పించమను. సంతృప్తికరం అని రాసి వచ్చేస్తా. బడి దక్కుతుంది."

నేను వెళ్ళి చెప్పాను. ఎస్తేరురాణి గారు నవ్వింది. "బండికి గొంతు పెట్టారంటగా, విన్నాం. దాన్ని వినడం కూడా సిలబస్సులో చేర్చారా?"

"ఒక్కరోజే కదండీ టీచరు గారూ."

"ఒక్కరోజేంటి? ఏ రోజొస్తారో చెప్పరు గదా మీరు. వచ్చేదాకా రోజూ చెవులు రిక్కించుకుని కూర్చోవాల. చెవులు అటుంటే లెక్క ఇటెక్కుద్దా?"

ఆవిడ కిటికీలోంచి క్వారీ వైపు చూసింది. సువార్త వాళ్ళమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని పోతోంది. "సరే లెండి," అంది కాసేపటికి. "బడంటూ ఉంటే లెక్కలు తర్వాతైనా చెప్పుకోవచ్చు. నిలబెడతాను." లెక్క మధ్యలో అధికారినే కూర్చోబెట్టిన మనిషి ఆ మాట అంటుంటే నాకు ప్రాణం చివుక్కుమంది. టీ అయినా తాగకుండా వచ్చేశాను.

తనిఖీ రోజు వచ్చింది. పెదపాడులో అంతా దివ్యంగా జరిగింది. వరస, రాగం, బోండాం, సొరకాయలు. మైకు హోరుకి వీరరాఘవులు గారు గేటు దాకా ఎదురొచ్చారు. అక్కణ్ణించి మామిళ్ళగుంట ఎత్తు ఎక్కుతుండగా బండి నీరసపడింది. పొద్దుట్నించీ ఆ పెట్టే సగం కరెంటు తాగేసింది. మిగతా సగం నేనూ, త్రివిక్రమరావు గారూ, సొరకాయలూ తాగేశాం. మైకు గొంతు జీరపోయి, "దీని దుంప" దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత బండీ ఆగింది. ఇద్దరం దిగి ఎండలో తోసుకుంటూ బడికి చేరాం. మా రొప్పు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

పిల్లలు వరండాలో వరసకట్టి నిలబడి ఉన్నారు. మేం ఏ రోజొస్తామో తెలియదు కాబట్టి రోజూ ఇంతేనట, ఆ రోజూ పొద్దున ప్రార్థన అయినప్పటి నుంచి అలాగే నిలబడ్డారట. గుప్పిళ్ళలో బంతిపూలు వడిలిపోయాయి. ఇద్దరు చిన్నవాళ్ళు గోడకానుకుని నిద్రపోతున్నారు. లోపల బోర్డు మీద లెక్క లేదు, సుస్వాగతం అని రాసి ఉంది. ఎస్తేరురాణి గారు గంజి చీర కట్టుకుని వరస చివర నిలబడింది.

సువార్త మమ్మల్ని చూసి గాభరాపడింది. "చప్పుడు రాలా గదా టీచరమ్మా. గుడ్మార్నింగ్ చెప్పాలా, వద్దా?"

"చెప్పండమ్మా," అంది ఆవిడ.

పిల్లలు చెప్పారు. బాగానే చెప్పారు. త్రివిక్రమరావు గారు కొత్త నివేదిక తీశారు. విచారణ సంఘం దయవల్ల అందులో ఇప్పుడు రెండే అంశాలు. తనిఖీ సమయంలో బోధన జరుగుతున్నదా? జరగడం లేదు. అధికారి వాహన ధ్వనికి పాఠశాల స్పందన ఎట్లున్నది? ధ్వనే లేదు. ఆయన చెమట తుడుచుకుని, మార్కండేయులు గారికి ఫోన్ చేసి, బ్యాటరీ అయిపోయిందనీ, లోపం బండిదనీ, పిల్లలు పొద్దుట్నించీ నిలబడే ఉన్నారనీ మొరపెట్టుకున్నారు.

"ధ్వని లేనిచోట స్పందన ఎట్లుండును?" అన్నారాయన అవతల్నించి. "సున్న వేయుడు. సున్న యనగా అసంతృప్తికరము. ఇంతకును తిరిగి ఎట్లు వచ్చెదరు?"

"ఈ బడి ప్లగ్గులోనే ఛార్జింగ్ పెట్టుకుని వస్తాం సార్."

"అచ్చట ప్లగ్గు కలదా? భేష్. మండలమునకు సరిగ్గా నడిమధ్యన నున్నది," అన్నారు. ఆయన గొంతులో మొదటిసారి ఉత్సాహం వినపడింది.

త్రివిక్రమరావు గారు చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నారు. నేను పింఛను గురించి గుర్తు చేయలేదు. చేయాల్సిన అవసరం లేకపోయింది. సంతకం పెట్టేశారు.

నెల తిరిగేసరికి బడిని పెదపాడులో కలిపేశారు. ఖాళీ అయిన భవనం మీద మండల విద్యుద్వాహన పోషణ కేంద్రం అని బోర్డు వెలిసింది. బడి పోయింది కాబట్టి ఎస్తేరురాణి గారు మిగులు ఉపాధ్యాయురాలు. మిగులు సిబ్బందిని ఖాళీగా ఉంచకూడదని నిబంధన. ఆవిడని అక్కడే, ఆ కేంద్రానికే ఇన్‌చార్జిగా వేశారు. బండి రాగానే ప్లగ్గు పెట్టడం, నిండాక తీయడం ఆవిడ విధులు. జిల్లా సమావేశంలో ఈ ఏర్పాటుని ఆదర్శంగా పేర్కొన్నారు.

మొన్న వెళ్ళాం. బండికి ప్లగ్గు పెట్టి ఆవిడ గడప మీద కూర్చుంది. మేం లోపల కుర్చీల్లో కూర్చున్నాం. ఇప్పుడు కుర్చీలు చాలా ఉన్నాయి. బడి మానేసిన పిల్లల వివరాలు ఆ సాయంత్రానికల్లా జిల్లాకి పంపాలి. కాస్త పెద్దవాళ్ళు అయిదారుగురు ఆటోలో పెదపాడు వెళ్తున్నారని తెలుసు. మిగతావాళ్ళని లెక్కపెట్టడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు, కిటికీలోంచి కనపడుతున్నారు. సువార్త చిన్న తట్టతో రాళ్ళు మోస్తోంది. నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుంది. మా వైపు చూడలేదు.

"ఆ పిల్లని ఎక్కడ రాద్దాం పానకాలూ?" అన్నారు త్రివిక్రమరావు గారు.

మార్కండేయులు గారి వివరణ నా దగ్గరుంది, చదివి వినిపించాను. నడుచుచున్న పాఠశాలను విడిచిన వారే మానివేసినవారు. పాఠశాలయే లేనిచోట మానివేయుట అసంభవము. కాబట్టి మామిళ్ళగుంటలో బడి మానేసినవాళ్ళు ఎవరూ లేరు. మండలం మొత్తం మీద కూడా లేరు, ఎందుకంటే మిగతా బళ్ళన్నీ సంతృప్తికరంగా ఉన్నాయి.

ఆయన "లేరు" అని రాశారు. రాసి దాన్నే చూస్తూ కూర్చున్నారు. నేను ఫైలు మూశాను, నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు. గడప మీద నుంచి ఎస్తేరురాణి గారు లేచి, ప్లగ్గు తీసి, తీగ చుట్టి మేకుకి తగిలించింది.

"నిండింది సార్," అంది. "ఇంక బయల్దేరండి."